ఇద్దరు ఒకేసారి తెలుగులో టైప్ చేస్తే

అందరికీ నమస్కారం. బ్రౌజర్‌లో ఒకే పేజీని నలుగురు ఒకేసారి రాసుకునే ఎడిటర్ తయారుచేద్దాం అనగానే చాలామంది ముందు సర్వర్ గురించే అడుగుతారు. అది తేలిక. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య ఎప్పుడూ తెరిచి ఉండే లైన్ లాంటి వెబ్‌సాకెట్ 2011లోనే ప్రమాణమైపోయింది, ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ ఉంది. కష్టమంతా ఇద్దరి మార్పులు ఎదురెదురు పడినప్పుడే, అందులోనూ ఆ ఇద్దరూ తెలుగులో రాస్తున్నప్పుడు.

"కడప వచ్చినాం" అని ఉందనుకోండి. మీరు మొదట్లో "నిన్న" చేర్చారు. అదే క్షణంలో అనంతపురంలో ఉన్న మీ ఫ్రెండ్ కడప పక్కన "కి" పెట్టింది. ఆమె మెషిన్ పంపేది "మూడో స్థానం తర్వాత కి పెట్టు" అని మాత్రమే, కానీ అది మీ దగ్గరికి చేరేసరికి వాక్యం మారిపోయి ఉంది, పైగా కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో గుడి, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి న, గుడి, న దగ్గరే మూడూ అయిపోతాయి. ఆ "కి" పోయి నిన్నలోని ఒత్తును విరగ్గొట్టి మధ్యలో కూర్చుంటుంది.

దీనికి 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు చూపించిన దారి ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. "నిన్న", దాని తర్వాతి ఖాళీ కలిపి ఆరు, కాబట్టి వచ్చిన 3ని 9 చేసి అప్పుడు పెట్టు. గూగుల్ డాక్స్ నడిచేది ఈ దారిలోనే. అయితే పరిశోధకులు ప్రచురించిన పద్ధతుల్లోనే కొన్నిట్లో తర్వాత తప్పులు బయటపడ్డాయి, అంత సూక్ష్మమైన లెక్క ఇది. రెండో దారి సీఆర్‌డీటీ (కాన్‌ఫ్లిక్ట్-ఫ్రీ రెప్లికేటెడ్ డేటా టైప్), 2011లో షపిరో బృందం దానికి ఆ పేరు పెట్టి సిద్ధాంతం రాసింది. ఇందులో ప్రతి అక్షరానికీ ఎప్పటికీ మారని గుర్తింపు ఉంటుంది, "మూడో స్థానం" అనకుండా "ఫలానా ప తర్వాత" అంటాం. వైజేఎస్ అనే ఉచిత లైబ్రరీ ఈ పని చేసిపెడుతుంది. అదే వాడండి, సొంతంగా రాయొద్దు.

కానీ అక్కడితో పని అయిపోలేదు. మన కడపలోనే సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి ఏది సరైన పాఠమో తేల్పించాడు. సీఆర్‌డీటీ తేల్చేది అది కాదు, అన్ని స్క్రీన్ల మీదా ఒకటే ఉండాలి అనేది మాత్రమే. "కడపక పోదాం" అన్న తప్పును ఇద్దరూ ఒకేసారి చూసి చెరో కొమ్ము పెడితే, ఇద్దరి స్క్రీన్ల మీదా ఒకే అక్షరానికి రెండు కొమ్ములు పడతాయి. ఇక "కడపకు పోదాం" అని వెతికితే ఆ వాక్యం దొరకదు. అందుకే నేను గట్టిగా చెప్పేదేంటంటే, కొమ్మును విడిగా పంపొద్దు, పాత "క" తీసేసి కొత్త "కు" మొత్తంగా పంపండి. అప్పుడు కూడా గొడవ పడితే "కడపకుకు" అవుతుంది, తప్పే, కానీ కంటికి కనిపించే తప్పు, ఒక్క దెబ్బతో చెరిపేయొచ్చు.

అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే సెగ్మెంటర్ బ్రౌజర్‌లోనే ఉంది. "స్త్రీ"లో ఆరు సంకేతాలుంటాయి, దాన్ని ఒకే అక్షరంగా చూసే నియమం యూనికోడ్‌లోకి 2023లో వచ్చింది. పాత బ్రౌజర్లు మూడు ముక్కలు చేస్తాయి, వాటి కోసం ఆ నియమం మీరే రాసుకోవాలి.

ఇంకొకటి, ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు చాలామంది. పదం కింద గీత ఉన్నంతసేపూ అది కీబోర్డు చేతిలోనే ఉంటుంది, ఆ సమయంలో అవతలివాళ్ల మార్పు వచ్చి ఆ పేరాను తిరగరాస్తే సగం పదం పోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. రాసేవాళ్లకు అంతకంటే చిరాకు లేదు. ఆ గీత ఉన్న దశను కంపోజిషన్ అంటారు, అది ముగిసిందని బ్రౌజర్ పంపే ఈవెంట్ వచ్చేదాకా ఆ పేరాకు వచ్చిన మార్పులను ఆపి ఉంచండి.

ఈ రాత్రే రెండు ఫోన్లు తీసుకుని, ఒకదానిలో డేటా ఆపేసి, రెండింట్లోనూ ఒకే వాక్యాన్ని తెలుగులో మార్చి, మళ్లీ డేటా ఆన్ చేసి చూడండి. ఏ ఒత్తు విరిగిందో, ఏ గుణింతం చెడిందో రాసుకుని రేపు తీసుకురండి, అక్కడినుంచి కోడ్ మొదలుపెడదాం.