ఆ రెండు వారాల కోర్సులో స్టూడెంటే ఉండడు!

నమస్తే అండీ. పోయిన వీడియోలో "రెండు వారాల ఫాస్ట్‌ట్రాక్ కోర్సు చేసినంత మాత్రాన ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ అయిపోరు" అన్నాను. అంతే, అమెరికాలో ట్రైనింగ్‌లో ఉన్న మన కుర్రాళ్లంతా నా మీద పడ్డారు. "అన్నా, నువ్వు సీఎఫ్‌ఐ (అమెరికాలో ఫ్లయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్) చేశావా?" అని. చెయ్యలేదు తమ్ముడూ. కానీ నాకో జవాబు చెప్పు. ఆ 14 రోజుల్లో నువ్వు ఎవరికి నేర్పావు?

ఎవరికీ లేదు! పక్క సీట్లో ఉన్నది నీ ఇన్‌స్ట్రక్టరే. ఏమీ తెలియనట్టు నటిస్తుంటాడు. చివర్లో జరిగే చెక్‌రైడ్ అనే పరీక్షలో ఎగ్జామినర్‌దీ అదే నాటకం. వేల గంటలు ఎగిరిన మనిషి "రడ్డర్ అంటే ఏంటి సార్?" అని అడుగుతుంటే, నువ్వు ఫోల్డర్ తీసి "తోక మీద పలక సార్, కాళ్లతో తిప్పుతాం" అని లెసన్ ప్లాన్ అప్పజెబుతావు. స్టూడెంట్ లేని బడి అది! మన అమీర్‌పేట నయం. అక్కడ జావా రాకపోతే కోడ్ రన్ అవ్వదు, అంతే.

ఇక ఎంఈఐ చూడండి, రెండింజిన్ల విమానం నేర్పే రేటింగ్. అలాంటి విమానంలో పైలట్ ఇన్ కమాండ్‌గా ఎన్ని గంటలుండాలి? 15. పదిహేనంటే పదిహేను! టేకాఫ్ అవగానే ఎడమ ఇంజిన్ ఆగింది. ముక్కు ఎడమకి తిరుగుతుంది, కుడి కాలు తొక్కాలి. పిల్లాడు టెన్షన్‌లో ఎడమ కాలు తొక్కాడు. స్పీడ్ మీటర్ మీద ఎర్ర గీత ఉంటుంది, ఒక్క ఇంజిన్‌తో విమానం అదుపులో ఉండే కనీస స్పీడ్ అది. స్పీడ్ దాని కిందికి జారిందా, ఇక రడ్డర్‌తో ఆపలేం, విమానం తిరగబడుతుంది. నటించే ఇన్‌స్ట్రక్టర్‌కి తప్పు కాలు ఎప్పుడు తియ్యాలో తెలుసు. పిల్లాడికి తెలియదుగా!

నాకు కారు నేర్పిన సికింద్రాబాద్ చాచా గుర్తొస్తాడు. పాన్ నములుతూ, రోడ్డు కంటే నా మోకాలినే ఎక్కువ చూసేవాడు. అది కదిలేలోపే తన వైపు బ్రేక్ మీద కాలు ఉండేది. ఆ కన్ను రావడానికి ఎన్ని వందల మోకాళ్లు చూసి ఉంటాడు!

మరి ఇంత తొందరెందుకు? 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే ఎయిర్‌లైన్ విమానం కూలి 50 మంది పోయాక, ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా మామూలుగా 1500 గంటలు కావాలన్నారు. గంటలు పోగేసుకోవాలంటే చేతిలో ఉన్న దారి పాఠాలు చెప్పడమే. అంటే భద్రత కోసం పెట్టిన రూలే, నిన్నటి స్టూడెంట్‌ని తెచ్చి గురువు సీట్లో కూర్చోబెట్టింది. నా థియరీ ఇదే, ఎవరేమన్నా మార్చను.

సీఎఫ్‌ఐఐ, అంటే బయటికి చూడకుండా మీటర్లు చూసి ఎగరడం నేర్పే రేటింగ్, అది కూడా వద్దా అంటారా? ఏడాదిపాటు నిజం స్టూడెంట్లతో ఎగిరి, ఆ తర్వాత వారంలో చేసుకోండి. నేనే చప్పట్లు కొడతా.

ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: "తప్పు కాలు తొక్కే పిల్లాణ్ణి ఎన్నో రోజు కూర్చోబెడతారు సార్?" ఏమన్నారో నాకు పంపండి, వచ్చే వీడియోలో చదువుతా.