పార, పలక, పాత మంచు

శైలజ: నమస్కారం. పోయిన వారం మాట ఇచ్చినట్టే ఈ రోజు కశ్మీర్‌లో స్కీయింగ్‌కు వెళ్ళే గుల్మార్గ్ ప్రయాణం. కొండవాలు మీద మంచు జారే ప్రమాదం గురించి వచ్చే హెచ్చరికల బులెటిన్ ఎలా చదవాలో కిరణ్ చెబుతాడు.

కిరణ్: సరే అక్కా. చండీగఢ్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్ఈ అనే సంస్థ జిల్లాలవారీగా ఈ బులెటిన్ ఇస్తుంది. ప్రమాద స్థాయి ఎంతో, ఎంత ఎత్తు దాటాక అది వర్తిస్తుందో అందులో ఉంటుంది. అది చూసుకుని బీకన్ (మంచులో పూడిన మనిషి జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార సర్దుకోవాలి. పార లోహంతో చేసిందే ఉండాలి.

శైలజ: అప్పుడే పార దగ్గరికి వచ్చేశావు!

కిరణ్: ఎందుకు రాను? జారి ఆగిన మంచు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. ప్లాస్టిక్ పార విరుగుతుంది. పూడిపోయిన మనిషిని పది, పదిహేను నిమిషాల్లో తీయలేకపోతే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. 2023 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ వైపు ఇలాగే మంచు జారి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు కదా...

శైలజ: ఆ వార్తను మన భాషలో ఎలా రాస్తాం? 'మంచు చరియలు విరిగిపడి' అని. నా పేచీ ఆ మాటతోనే.

కిరణ్: అందరికీ అర్థమయ్యే మాటే కదా?

శైలజ: తప్పుగా అర్థమవుతుంది. నువ్వు కింద నిలబడి ఉంటే ఎక్కడో పైన తెగి నీ మీద పడినట్టు ఉంటుంది. స్కీలతో వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది విషయంలో, ఆ మంచును కదిలించింది వాళ్ళ బరువో తోటివాళ్ళ బరువో. కాలి కిందే తెగుతుంది నాయనా!

కిరణ్: మరి హిమపాతం అందామా?

శైలజ: మంచు కురవడాన్నీ హిమపాతమే అంటున్నాం. గట్టిపడిన మంచు పొర పలకలా తెగి జారుతుంది కాబట్టి 'పలక జారింది' అనాలి.

కిరణ్: పొడి మంచు ఒక్క చోట మొదలై జారేది కూడా ఉంది. దాన్నీ పలక అంటావా?

శైలజ: అనను. కానీ మనుషులను ఎక్కువగా చంపేది పలకే. మంచు పొర పలచగా ఉండి, చలి బాగా ముదిరితే ఏమవుతుంది? నేల దగ్గర సున్నా డిగ్రీలు, పైన మైనస్ పదిహేను. అడుగు నుంచి ఆవిరి పైకి పోతూ పాత మంచును పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. గుప్పిట పట్టి నొక్కినా ముద్ద కాదు. దాని మీద కొత్త మంచు, గాలి తోసుకొచ్చిన మంచు గట్టిగా పేరుకుంటుంది. ఇసుక మీద బండ పరిచినట్టు. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉందనుకో, ఒక్క మనిషి చాలు.

కిరణ్: అడుగు వేయగానే 'ఉంఫ్' మని లోపల కుంగిన చప్పుడు వస్తుంది.

శైలజ: అది వినిపిస్తే ఆ వాలు వదిలి వెనక్కి రావాలి. ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే.

కిరణ్: ఒప్పుకుంటాను. కానీ 2016 ఫిబ్రవరి 3 సంగతి ఏమిటి? సియాచిన్‌లో మన సైన్యం సోనమ్ పోస్టు, 19,600 అడుగుల ఎత్తు. అక్కడ మంచు గోడే కూలి శిబిరం మీద పడింది. విరిగిపడటం కాక మరేమిటి?

శైలజ: ...అవును. అక్కడ ఆ మాట సరిపోతుంది.

కిరణ్: ఆ మంచును పారలతో తీయలేకపోయారు. రంపాలతో, డ్రిల్లులతో కోశారు. అందులో పూడిపోయిన సైనికుడు హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికాడు.

శైలజ: పదకొండో తేదీన ఢిల్లీలో పోయాడు. అక్కడ పూడిపోయిన పదిమంది సైనికుల్లో మన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. ఎండకు రాళ్ళు పగిలే ఊళ్ళ నుంచి వెళ్ళిన పిల్లవాడు, కిరణ్.

కిరణ్: అక్కా...

శైలజ: బులెటిన్ వచ్చే వారం చూద్దాం. రికార్డింగు ఆపు.

కిరణ్: పార బరువు గురించి ఒక్క మాట...

శైలజ: ఆపు నాయనా.