తాగుడు మాన్పించే ఆసుపత్రి అడ్మిషన్‌కు బీమా వస్తుందా?

స్వరూప: నమస్తే, హన్మకొండ నుంచి మళ్లీ మేమే. మందు మాన్పించడానికి, మానసిక జబ్బుకు ఆసుపత్రిలో చేరితే బీమా ఎంతవరకు ఆదుకుంటుంది, ఇదీ ఇవాళ్టి ముచ్చట. శ్రీనూ, ముచ్చట వదిలి కాజీపేట బ్రిడ్జి దాకా పోవద్దు.

శ్రీను: పోను అక్కా. బెల్టు షాపుల సంగతి మాత్రం అడుగుతా.

స్వరూప: ముందు రూల్స్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బులకు బీమా ఎట్లా ఇస్తారో మానసిక జబ్బులకూ అట్లాగే ఇవ్వాలి. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలూ అందులోకే వస్తాయి.

శ్రీను: మరి ప్రైవేటు పాలసీల్లో మినహాయింపుల జాబితా? మద్యం, డ్రగ్స్ అలవాటుకు చికిత్స, వాటి వల్ల వచ్చేవి వర్తించవని అచ్చేసి ఉంటుంది కదా.

స్వరూప: నా కోపం కూడా దాని మీదే. సర్కారు బీమా ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. మత్తు వల్ల మనసు దెబ్బతిన్నవాళ్లకు అడ్మిషన్ ప్యాకేజీ ఉంది, డ్రగ్ రిహాబిలిటేషన్, అంటే మత్తు అలవాటు నుంచి మనిషిని మళ్లీ నిలబెట్టే చికిత్స, మాత్రం మినహాయింపుల్లో ఉంది. మందు ఆపితే వచ్చే వణుకు తగ్గేదాకే సాయం. మళ్లీ తాగకుండా నిలబెట్టే నెలల ఖర్చు ఇంటోళ్ల మీదే.

శ్రీను: ఆ ఇంటి పక్కనే బెల్టు షాపు.

స్వరూప: వస్తా దానికి.

శ్రీను: అసలు ఆసుపత్రి ఎందుకక్కా? మా దిక్కు గదిలో పెట్టి తాళం వేస్తారు, నాలుగు రోజుల్లో దిగిపోతుందని.

స్వరూప: శ్రీనూ, ఆ మాట మైకులో అనకు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. మా వాడకట్టులో ఒకాయన మందు ఆపాక చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. మూడో రోజు రాత్రి లేని చీమలను దుప్పటి మీంచి ఏరుతూ కూర్చున్నాడు. ఇంటోళ్లు గాలి సోకిందన్నారు.

శ్రీను: కల్లుకు అట్లా కాదనుకున్నా.

స్వరూప: కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో నిజామాబాద్ వైపు దాడులు జరిగి కల్తీ కల్లు దొరకక ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. యాదికి లేదా?

శ్రీను: ఉంది. చేతులు కట్టేసి తీసుకొచ్చారు కొందరిని. (కాసేపు మౌనం) తాళం మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పది రోజులకు డిశ్చార్జి అయి అదే గల్లీకి వస్తే? షాపులు మూయకుండా బీమా ఎంత ఇచ్చినా ఏం లాభం?

స్వరూప: షాపులు మూసేదాకా మనిషి ఆగాలా? వణుకుతున్నది ఇవాళ కదా!

శ్రీను: రెండూ కావాలంటున్నా.

స్వరూప: అయితే కొట్లాట లేదు. వినేవాళ్లు 14416 రాసుకోండి, టెలిమానస్, మానసిక సాయానికి సర్కారు ఫోన్ లైన్, ఫోన్‌కు డబ్బులు పడవు. ఆరోగ్యశ్రీ సంగతి...

శ్రీను: టైం అయిపోయిందక్కా.

స్వరూప: వచ్చే వారం అదే మొదట. బెల్టు షాపు కాదు.

శ్రీను: చూద్దాం.