ప్రాణహిత మీద ఒక పూట

శ్రోతలందరికీ నమస్కారం.

సిరొంచ అనగానే చాలామంది తెలుగువాళ్లు "కాళేశ్వరం అవతలి ఒడ్డే కదా" అంటారు. అవును, ప్రాణహిత ఒడ్డున అదే మా ఊరు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, సంతలో ఆ రెండూ, వాటితో పాటు గోండీ. వంతెనలు రాకముందు కాళేశ్వరం గుడికి పోవాలన్నా, పెళ్లిచూపులకు పోవాలన్నా, రోగిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా పడవే దిక్కు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని అర్ధరాత్రి ఏరు దాటించే టెన్షన్ ఇప్పుడు లేదు. ఆ మేలు చిన్నది కాదు. కానీ వంతెన మీద కారు ఎక్కి దిగేలోపు నది అయిపోతుంది. అందుకే చెబుతున్నాను, నలుగురైదుగురు కలిసి ఒక పూట నాటుపడవలో ప్రాణహిత మీద తిరగండి.

ఇంతకీ ఏమిటీ ప్రాణహిత? మధ్యప్రదేశ్‌లో బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టిన వార్ధా, సివనీ జిల్లాలో పుట్టిన వైన్‌గంగ, ఈ రెండూ కలిసి ప్రాణహిత అవుతాయి. పైన్‌గంగ అప్పటికే వార్ధాలో చేరి ఉంటుంది. గోదావరి ఉపనదులన్నింటిలోకీ పెద్దది ఇదే. దీని పరీవాహక ప్రాంతం సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు, అంటే మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతు. పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ లాంటి ఆనకట్టలు గోదావరి నీళ్లను ఆపుకుంటాయి. అందువల్ల ఎండలు ముదిరాక, కాళేశ్వరంలో ఈ రెండు నదులూ కలిసే సంగమం దగ్గర గోదావరి పాయ సన్నబడుతుంది, ప్రాణహిత మాత్రం పారుతూనే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరికి మొక్కేవాళ్లు ఈ పేరు కూడా ఒకసారి తలుచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ నీటి మీద ఒకప్పుడు పెద్ద ఆశ పెట్టుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని పడవల్లో సముద్రం దాకా దింపవచ్చని నమ్మాడు. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇంద్రావతి కలిసే చోటికి కాస్త దిగువన ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. వాటిని దాటించడానికి కాలువలు, లాకులు కట్టాలని హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి పనులు నడిచాయి. అడవి జ్వరాలకు కూలీలు నిలవలేదు. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పనులు ఆపేశారు. కాగితం మీద ఇది ఖర్చుకు, రాబడికి సంబంధించిన లెక్కలా కనిపిస్తుంది. పడవలో కూర్చుని, చలికాలం చివర నీళ్లు తగ్గి బండలు బయటపడ్డప్పుడు చూస్తే, ఆ కూలీలు దేనితో పోరాడారో అర్థమవుతుంది.

మా దగ్గర పడవ నడిపే అన్న ఒకాయన ఓసారి నాతో అన్నాడు: "నీళ్లు గలగలమన్న కాడ రాయి ఉంటది. సప్పుడు లేని కాడ లోతు ఉంటది." ఆయన చేతిలో వెదురు గెడ ఉంటుంది. దాన్ని దించగానే అడుగున ఉన్నది ఇసుకో, బురదో, బండో చెప్పేస్తాడు. వరద వచ్చిపోయిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారతాయి, అందుకే నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు. ఈ చదువు ఏ పుస్తకంలోనూ లేదు. రేవుల్లో పడవలు తగ్గాయి, వాళ్ల పిల్లలు హైదరాబాద్‌లోనో చంద్రపూర్‌లోనో పనులు వెతుక్కుంటున్నారు. గెడ పట్టేవాడు లేకపోతే ఆ చదువు కూడా ఉండదు. నాకున్న దిగులు అదే.

ఇక తోటివాళ్ల సంగతి. పడవలో ఎవరి సీటు వాళ్లది అనుకుంటే కుదరదు. బరువైనవాళ్లు మధ్యలో కూర్చోవాలి, ఎక్కడమూ దిగడమూ ఒక్కొక్కరుగానే జరగాలి. కొంగలు కనిపించాయని అందరూ ఒకే పక్కకు ఒరగకూడదు. ఒకరు కదిలితే అందరూ సర్దుకోవాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఇలా సర్దుకుంటూనే మాటల్లో పడతారు. ఎవరి సద్ది విప్పినా అందరికీ తలా ముద్ద వస్తుంది. మరాఠీ పెద్దాయన అడిగిన దానికి తెలుగు అవ్వ జవాబు చెబుతుంది, ఇద్దరికీ అర్థమైపోతుంది. మా సరిహద్దు ఊళ్లలో చుట్టరికాలు చాలావరకు ఇలా రేవుల్లోనే మొదలయ్యాయి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో, వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎందరో చనిపోయారు. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లాభం లేదు, ఒంటికి బిగించి కట్టుకోవాలి. పడవ అంచుకూ నీటికీ మధ్య జానెడు ఎడం కూడా లేకపోతే దిగిపోండి, ఎవరేమనుకున్నా సరే. పడవ నడిపే మనిషి ఈ రోజు వద్దన్నాడంటే ఎక్కువ డబ్బు ఆశ చూపకండి. పొద్దు గుంకక ముందే ఒడ్డుకు చేరాలి.

దిగువన మేడిగడ్డ బ్యారేజీ అడ్డం ఉంది కాబట్టి సిరొంచ నుంచి అటువైపు ఎంతో దూరం పోలేరు. ప్రాణహిత ఎగువకు వెళ్లండి. వానలు పూర్తిగా వెనకబట్టి, నీళ్లు తేటపడ్డాక, నవంబర్ నుంచి జనవరి దాకా మంచి సమయం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అవి వానాకాలంలో పడతాయి. స్నానం ఘాట్ దగ్గరే చేయండి, రద్దీలో పడవ ఎక్కకండి. రెండు రాష్ట్రాల అధికారులకూ ఒక విన్నపం. పుష్కరాలకు ముందే మా రేవుల్లోని పడవవాళ్లకు సరిపడా లైఫ్ జాకెట్లు ఇవ్వండి, ఒక్కో పడవలో ఎందరు ఎక్కవచ్చో దాని పక్క చెక్క మీద తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి.

నమస్కారం.