స్కాన్‌కి పంపే ముందు మీ వేలు ఎక్కడ నొక్కింది?

అందరికీ నమస్కారం. స్పోర్ట్స్ ఫిజియో, అథ్లెటిక్ ట్రైనింగ్ చదువుతున్న మీతో ఎక్స్-రే, ఎమ్మారైల గురించి మాట్లాడమని పిలిచారు. ఫిల్ము చదివి రిపోర్టు రాయడం మాలాంటి రేడియాలజిస్టుల పని, ఈ గంటలో అది నేర్పడం కుదరదు, మీకు ఆ అవసరమూ లేదు. కానీ దెబ్బ తగిలిన నిమిషంలో అక్కడ ఉండేది మీరు. మోకాలు ఎటు తిరిగింది, 'టప్'మన్న చప్పుడు వినపడిందా, లేచి నడిచాడా, వాపు గంటలో వచ్చిందా మర్నాడు వచ్చిందా, ఇవన్నీ చూసింది మీరే. ఆ ప్లేయర్ స్కానింగ్ సెంటర్‌కి వచ్చేసరికి మా చేతికి అందేది ఒక చిన్న స్లిప్పు. దాని మీద 'మోకాలు నొప్పి, ఎమ్మారై' అని మాత్రమే ఉంటుంది. మీకు తెలిసిందంతా దారిలోనే పోయింది. ఆ స్లిప్పు మీద ఇంకో రెండు లైన్లు ఎక్కించడమే నేను ఈ రోజు మిమ్మల్ని అడిగేది.

చీలమండతో మొదలుపెడదాం, ఎందుకంటే మీరు ఎక్కువగా చూడబోయేది అదే. కాలు మెలిక పడిన ప్రతివాళ్ళకీ ఎక్స్-రే అక్కర్లేదు. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో దీనికి చక్కటి నియమాలు తయారుచేశారు, ప్రపంచమంతా వాడుతున్నారు. చీలమండకి లోపలా బయటా ఉబ్బెత్తుగా రెండు ఎముకలు కనిపిస్తాయి కదా, వాటి కింది కొస మీద, అక్కడి నుంచి వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కుకుంటూ వెళ్ళండి. వెనక అంచు అన్నాను, గమనించండి. బెణికిన కాలిలో బయటి ఎముకకి కాస్త ముందు లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ ఉంటుంది, అక్కడ నొక్కితే ఎవరైనా అరుస్తారు, దాంతో ఎముక విరిగిందో లేదో తేలదు. తర్వాత పాదం బయటి అంచులో చిటికెనవేలి ఎముక మొదలు దగ్గర, లోపలి వైపు నావిక్యులర్ ఎముక మీద నొక్కండి. చివరగా నాలుగడుగులు వేయమనండి, కుంటుతూ వేసినా వేసినట్టే లెక్క. ఎముక మీద ఎక్కడా నొప్పి లేదు, దెబ్బ తగిలినప్పుడో మీరు చూస్తున్నప్పుడో నాలుగడుగులు వేయగలిగాడు అంటే, విరిగి ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. స్పర్శ సరిగ్గా తెలియనివాళ్ళకి, మత్తులో ఉన్నవాళ్ళకి, మరీ చిన్నపిల్లలకి మాత్రం ఈ లెక్క వాడకండి.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే విషయం. ఎక్స్-రే నార్మల్ అని వచ్చింది, అయినా ఎముక విరిగే ఉంది. ఇలాంటి చోట్లు కొన్ని ఉన్నాయి, మీరు వీటిని కంఠతా పట్టాలి. కబడ్డీలో, క్రికెట్ ఫీల్డింగ్‌లో చెయ్యి చాచి నేల మీద పడతారు. బొటనవేలు పైకి చాచితే మణికట్టు పక్కన రెండు టెండన్ల (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళ) మధ్య చిన్న గుంట పడుతుంది, దాని అడుగున ఉండేది స్కాఫాయిడ్ ఎముక. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్-రే ఎంత శుభ్రంగా ఉన్నా బొటనవేలు కదలకుండా స్ప్లింట్ వేసి 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ ఎక్స్-రే తీయించాలి, లేదా వెంటనే ఎమ్మారై చేయించాలి. ఈ ఎముకకి రక్తం ఎక్కువ భాగం వేళ్ళ వైపు కొస నుంచి లోపలికి వెళ్తుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపున్న ముక్కకి రక్తం అందక అది చచ్చిపోవచ్చు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి జీవితాంతం మణికట్టు నొప్పి మిగులుతుంది. ఎక్స్-రే నార్మల్ అన్న కాగితం చూపించి మర్నాడే మ్యాట్ మీదకి దించేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

స్ట్రెస్ ఫ్రాక్చర్లూ, అంటే ఒకే చోట పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగుళ్ళూ ఇంతే. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్-రేలో చాలాసార్లు ఏమీ కనపడదు. ఎమ్మారైలో మాత్రం ఎముక లోపలి మూలుగలో నీరు చేరడం ముందే కనిపిస్తుంది. 2022 ఆగస్టులో మన పి.వి. సింధు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో ఎడమ కాలి నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచింది. హైదరాబాద్ వచ్చి ఎమ్మారై తీయించుకుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వెళ్ళలేకపోయింది. ఫాస్ట్ బౌలర్ల నడుము ఇంకో ఉదాహరణ. 2019లో బుమ్రాకి నడుములో చిన్న స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందని మామూలు స్క్రీనింగ్‌లోనే బయటపడింది. మీ అకాడమీలో కుడిచేత్తో బౌలింగ్ వేసే పదహారేళ్ళ కుర్రాడు నడుములో ఎడమవైపే నొప్పి అంటుంటే, వెనక్కి వంగినప్పుడు ఎక్కువవుతుంటే, 'పట్టేసిందిలే' అని స్ప్రే కొట్టి పంపకండి. ఈ ఫ్రాక్చర్ ఎక్కువగా బౌలింగ్ చేతికి ఎదురు వైపునే వస్తుంది. స్లిప్పు మీద 'ఫాస్ట్ బౌలర్, ఎడమవైపు నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువ' అని రాయండి. అప్పుడు మేము డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్ల) దగ్గరే ఆగిపోకుండా వెన్నుపూస వెనక భాగం కోసం వేరే సీక్వెన్సులు, అంటే వేరే రకం ఎమ్మారై బొమ్మలు తీసి వెతుకుతాం.

పిల్లల ఎముకల గురించి ఒక ముక్క. ఎదిగే వయసులో కండరం అతుక్కునే చోట ఎముక ఇంకా గట్టిపడదు. స్కూల్ మీట్‌లో వంద మీటర్లు పరిగెత్తుతూ పద్నాలుగేళ్ళ పిల్లాడు పిరుదు కింద పట్టుకుని కూలబడితే, పెద్దవాళ్ళలో అది హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) చిరగడం కావచ్చు, ఈ పిల్లాడిలో మాత్రం కూర్చునే ఎముక నుంచి ఒక పెళ్ళ ఊడి వచ్చి ఉండొచ్చు. మామూలు పెల్విస్ ఎక్స్-రేలోనే అది కనిపిస్తుంది, ఖర్చు కూడా తక్కువ. తీయించకుండా సాగదీసే వ్యాయామాలు మొదలుపెడితే ఆ పెళ్ళ ఇంకా దూరం జరుగుతుంది.

ఇక ఎమ్మారై. అందరికీ దీని మీదే మోజు. కొవ్వుని నల్లగా చేసి నీటిని తెల్లగా చూపించే సీక్వెన్సుల్లో దెబ్బ తిన్న చోటు వెలిగిపోతుంది. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిన ఒక అమ్మాయి స్కాన్ ఊహించండి. లిగమెంటు ఉండాల్సిన చోట గజిబిజిగా ఉంటుంది, దాన్ని అందరూ చూస్తారు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మోకాలి బయటివైపు. తొడ ఎముక కింది భాగంలో ఒక తెల్ల మచ్చ, కాలి ఎముక పైభాగంలో వెనక్కి ఇంకో తెల్ల మచ్చ ఉంటాయి. మామూలుగా ఆ రెండు చోట్లూ ఒకదానికొకటి తగలవు. మోకాలు మెలి తిరిగి, లిగమెంటు తెగి, కింది ఎముక ముందుకి జారిన ఆ క్షణంలో రెండూ ఢీకొన్నాయి. ఆ పిల్ల ఎలా పడిందో బొమ్మలో అచ్చు పడి ఉంటుంది. దిగుతూ మోకాలు లోపలికి తిరిగింది, చప్పుడు వినపడింది, రెండు గంటల్లో వాచింది అని మీరు రాసిన లైను, ఈ రెండు మచ్చలు కలిస్తే ఇక సందేహం ఉండదు. ఎమ్మారైకి డబ్బుల్లేని చోట మామూలు ఎక్స్-రేలోనే కాలి ఎముక పైభాగానికి బయటివైపు సన్నటి రేకులాంటి ముక్క కనిపిస్తే దాన్ని సెగాండ్ ఫ్రాక్చర్ అంటారు. అది కనిపిస్తే ఏసీఎల్ దాదాపుగా పోయినట్టే అనుకోండి.

కానీ ఎమ్మారైలో కనిపించినదంతా నొప్పికి కారణం కాదు. నడుము నొప్పి అసలే లేనివాళ్ళ స్కాన్లని కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష 2015లో వచ్చింది. డిస్కు అరుగుదల ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందిలో కనిపించింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం. అంటే రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (డిస్కు ఉబ్బింది) అని చూసి వెయిట్‌లిఫ్టర్‌కి 'నీ నడుము పోయింది' అని చెప్పడం చాలా తప్పు. ఆ మాటతో ఆ అమ్మాయికి పట్టుకునే భయం డిస్కు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చిందంటే అప్పటికే గూగుల్ చేసి టెన్షన్ పడుతుంటారు. కూర్చోబెట్టి, స్కాన్‌లో ఉన్న చోటూ నొప్పి ఉన్న చోటూ ఒకటేనా అని ముందు మీరు పట్టి చూడండి.

అల్ట్రాసౌండ్‌కి ఉన్న గొప్పతనం కదిలిస్తూ చూడటం. చీలమండ వెనక టెండన్ కాలు తిప్పినప్పుడే జారుతుంటే పడుకోబెట్టి తీసిన ఎమ్మారైలో దొరక్కపోవచ్చు, అల్ట్రాసౌండ్ ప్రోబ్ (చర్మం మీద ఆనించే పరికరం) కింద మాత్రం కళ్ళ ముందే జారుతుంది. విదేశాల్లో గ్రౌండ్ పక్కనే మెషీన్ పెట్టుకుని చూస్తారని మీరు వీడియోల్లో చూసి ఉంటారు. ఇక్కడ అలా బ్యాగులో వేసుకుని తిరగడం కుదరదు. లింగ నిర్ధారణని ఆపడానికి 1994లో తెచ్చిన చట్టం కింద అల్ట్రాసౌండ్ పెట్టే చోటు రిజిస్టర్ అయి ఉండాలి, పోర్టబుల్ మెషీన్ల మీద గట్టి ఆంక్షలున్నాయి. ఆ చట్టం ఎందుకొచ్చిందో మనందరికీ తెలుసు, కాబట్టి ప్లేయర్‌నే సెంటర్‌కి తీసుకెళ్ళండి.

సీటీ గురించి చివర్లో చెప్తున్నది తల దెబ్బల కోసం. సీటీ చూపించేది రక్తస్రావం, పుర్రె పగలడం. కంకషన్‌లో, అంటే దెబ్బకి మెదడు అదిరినప్పుడు, అది పనిచేసే తీరు దెబ్బతింటుంది, అది సీటీలో కనపడదు. అందుకే 'సీటీ నార్మల్, ఆడొచ్చు' అని కోచ్ అంటే మీరు ఒప్పుకోకండి, ఫైనల్ అయినా సరే. కంకషన్ అనుమానం వచ్చిన ప్లేయర్ ఆ రోజు మళ్ళీ ఆడకూడదు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, మగతగా అయిపోతున్నా, ఒక కంటిపాప పెద్దదైనా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఇవేవీ లేకపోయినా ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. హాస్టల్ అయితే వార్డెన్‌కి, రూమ్మేట్‌కి ఈ లక్షణాలన్నీ తెలుగులో కాగితం మీద రాసివ్వండి, మీ ఫోన్ నంబరు దాని కింద రాయండి, ఆ రాత్రికి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.