మొదటి బ్యాండ్ వేళకు వెళ్ళండి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మీకు ఒక చిన్న గది గురించి చెప్పాలి. వీధి మలుపులో ఉండే మామూలు బారు. లోపల ఒక మూలన మోకాలెత్తు కూడా లేని వేదిక. దాని మీద ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేలా నలుగురు నిలబడి, తాము రాసుకున్న పాటలు తామే వాయిస్తుంటారు. వెనక పెద్ద కంపెనీ లేదు, ప్రచారం లేదు. తెల్లారితే ఎవరి ఉద్యోగం వాళ్ళది. ఇండిపెండెంట్ రాక్ బ్యాండ్లు అంటే చాలావరకు వీళ్ళే.

బారు అనగానే వినేవాళ్ళలో కొందరికి మనసు ఒప్పకపోవచ్చు. తాగడానికి వెళ్ళమని నేను చెప్పడం లేదు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని విన్న పాటలే నాకు బాగా గుర్తున్నాయి.

ఇలాంటి గదుల్లో బాగా పేరు పడ్డది న్యూయార్క్‌లో ఉండేది. 1973 చివర్లో బవరీ వీధిలో హిల్లీ క్రిస్టల్ అనే ఆయన తెరిచారు. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అనే అమెరికా సంగీత రీతులు వినిపించాలని ఆయన కోరిక, అందుకే ఆ పేర్లలోని అక్షరాలు కలిపి సీబీజీబీ అని పెట్టుకున్నారు. తీరా వచ్చింది మాత్రం, ఇంకెక్కడా చోటు దొరకని రాక్ బ్యాండ్లు. ఆయన పొమ్మనలేదు. సొంత పాటలే వాయించాలి అన్నారు, అంతే. 1974 ఆగస్టులో రమోన్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళు అక్కడ మొదటిసారి వేదిక ఎక్కారు. మొదట్లో వాళ్ళను వినడానికి వచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. 1976లో వాళ్ళ తొలి ఆల్బమ్ వచ్చింది. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. ఆ బారు 2006 అక్టోబరులో మూతపడింది. చివరి రాత్రి పాడింది రాక్ గాయని ప్యాటీ స్మిత్.

ఆ కథ అక్కడికి ఆపుతాను. నేను చెప్పదలచుకున్నది నేను చూసిన ఒక రాత్రి సంగతి. ఆ రోజు మూడు బ్యాండ్లు. వేళ సరిగా చూసుకోక నేను గంటన్నర ముందే వెళ్ళిపోయాను. అలా వెళ్ళడం వల్లే, మామూలుగా ఎవరూ చూడనిది చూశాను.

వాయిద్యాలు, మైకులు సరిగ్గా పలుకుతున్నాయా అని ముందుగా చూసుకోవడాన్ని సౌండ్ చెక్ అంటారు. ఇది తలకిందులుగా నడుస్తుంది. అందరికన్నా చివర వాయించే బ్యాండ్ ముందు చూసుకుంటుంది, మొదట వాయించేవాళ్ళు ఆఖరున. వాళ్ళ సామాను వేదిక మీదే ఉంటే, తలుపులు తెరవగానే మొదలుపెట్టవచ్చని ఈ ఏర్పాటు. సబబైన ఏర్పాటే. కానీ ముందు చూసుకునేవాళ్ళు ఆలస్యం చేస్తే ఆ ఆలస్యమంతా ఆఖరున చూసుకునేవాళ్ళ నెత్తినే పడుతుంది. ఆ రోజూ అంతే. మొదటి బ్యాండ్‌కు మిగిలింది ఒక్క పాటకు సరిపడా సమయం. పాడే అమ్మాయి తన గొంతు తనకు వినపడటం లేదని చెయ్యి పైకెత్తి చూపిస్తూనే ఉంది. మైకుల, వాయిద్యాల శబ్దం హెచ్చుతగ్గులు సరిచేసే పెట్టెను మిక్సర్ అంటారు, దాని దగ్గరున్న ఆయన ఏదో తిప్పారు. మైకు కీచుమంది. మళ్ళీ వెనక్కి తిప్పారు. అంతలోనే తలుపులు తెరిచేశారు.

గది ఖాళీ. లెక్కపెట్టాను, నాతో కలిపి పదకొండు మంది.

మొదటి పాట గోడలకు కొట్టుకుని మా మీదికే తిరిగొచ్చింది. రెండో పాట మొదలైంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, కిక్ డ్రమ్ అంటారు, అది నున్నటి చెక్క మీద ముందుకు జారడం మొదలుపెట్టింది. కింద తివాచీ వెయ్యలేదు. ఒక్కో దెబ్బకు ఒక్కో అంగుళం. ఆ కుర్రాడు చేతులతో వాయిస్తూ కాలితో దాన్ని వెనక్కి లాక్కోవాలని చూస్తున్నాడు. పాట ఆపడు. ఆపితే పోతుందని అతనికి తెలుసు.

అప్పుడు ఆ పదకొండు మందిలోంచి ఒకాయన చేతిలో గ్లాసు కింద పెట్టి వేదిక ఎక్కారు. డ్రమ్ముకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపి మా వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన ఎవరనుకున్నారు? చివర్న వాయించాల్సిన పెద్ద బ్యాండ్ డ్రమ్మరు. ఒక్క మాట మాట్లాడలేదు. ప్రతి దెబ్బకూ ఆయన భుజాలు అదురుతున్నాయి. పాట అయిపోయినా లేవలేదు. తర్వాతి పాటకూ లేవలేదు. అరగంటా అలాగే కూర్చున్నారు.

ఆ నలుగురూ అప్పటినుంచి ఎలా వాయించారో నేను చెప్పలేను. పాడే అమ్మాయి కళ్ళు మూసుకోవడం మానేసి మమ్మల్ని చూసి పాడింది. మేం గోడల దగ్గర్నుంచి కదిలి దగ్గరికొచ్చాం. ఒక్కొక్కరే జనం కూడా చేరారు. విచిత్రం, పాట మాటలు కూడా తేటగా వినపడసాగాయి.

ఇది నా భ్రమ కాదండి. మనిషి ఒళ్ళు, ఒంటి మీద బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ముఖ్యంగా సన్నటి, పదునైన శబ్దాలను. ఖాళీ గదిలో డ్రమ్ముల పక్కనుండే లోహపు పళ్ళేల మోత, గిటారు పదును గోడకూ పైకప్పుకూ తగిలి తిరిగొచ్చి, గొంతు మీద పడతాయి. మనుషులు నిండితే ఆ ప్రతిధ్వని తగ్గుతుంది. అందుకే మూడో బ్యాండ్ వాయించే వేళకు గది చాలావరకు బాగానే పలుకుతుంది. మొదటివాళ్ళకు సౌండ్ చెక్ తక్కువ, జనం తక్కువ, పైగా గది కూడా ఎదురు తిరుగుతుంది.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఇలాంటి రాత్రికి వెళ్ళాలనిపిస్తే మొదటి బ్యాండ్ వేళకు వెళ్ళండి. మీకు తెలిసిన బ్యాండ్ ఆఖరున ఉన్నా సరే, మొదటి బ్యాండ్ వేళకు వెళ్ళండి. స్పీకరుకు మరీ ఎదురుగా కాకుండా మిక్సర్ దగ్గర నిలబడండి. బ్యాండ్ ఎలా వినపడాలో ఆ మిక్సర్ మనిషి అక్కడ నిలబడే చూసుకుంటారు. మీకు సంగీతం తెలియకపోయినా ఫరవాలేదు, చప్పట్లు కొట్టకపోయినా ఫరవాలేదు. మీరు అక్కడ నిలబడితే చాలు, ఆ పాట కొంచెం మెరుగుపడుతుంది.

ఆ రాత్రి మూడు బ్యాండ్లూ అయ్యాక బయటికొస్తుంటే, మొదట్నుంచీ ఉన్నవాళ్ళలో ఒకావిడ నన్ను ఆపి, "మొదటివాళ్ళు పాడారే, ఆ డ్రమ్ము జారిన పాట, దాని పేరేమిటండీ?" అని అడిగారు. నాకూ తెలియదు. ఇద్దరం ఆ వరస గుర్తు చేసుకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళాం. పాడిన అమ్మాయి తీగలు చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. అడిగాం.

"దానికింకా పేరు పెట్టలేదండీ," అంది.