ఆఫ్ సీజన్‌లో దీవులకు వెళ్తున్నారా? ముందు పడవ సంగతి చూసుకోండి

[స్క్రీన్ మీద మ్యాప్]

ఆఫ్ సీజన్‌లో దీవులు అనగానే అందరూ అడిగేది వాన గురించే. వాన పడుతుందండీ, కాదనను. కానీ చాలా రోజులు గంటో రెండు గంటలో దంచికొట్టి వదిలేస్తుంది. ప్లాన్ తలకిందులయ్యేది అలల వల్ల. పడవ ఆగిపోతే మీరూ ఆగిపోయినట్టే. అందుకే ఈ ట్రిప్ మొత్తం పడవను బట్టే ప్లాన్ చేద్దాం.

ముందు ఏ తీరమో తేల్చుకోవాలి. థాయిలాండ్ చూడండి. పడమర వైపు అండమాన్ సముద్రం, అంటే ఫుకెట్, క్రాబి, కో లాంటా. ఇక్కడ మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి నేరుగా తీరం మీదకే వస్తుంది. తూర్పున థాయిలాండ్ గల్ఫ్‌లో ఉన్న కో సముయి, కో టావోలకు పెద్ద వానలు అక్టోబర్, డిసెంబర్ మధ్యలో. కాబట్టి మీకు జులైలో సెలవు దొరికితే తూర్పుకే వెళ్లండి. శ్రీలంకలో కూడా అంతే. మే-సెప్టెంబర్ మధ్య నైరుతి తీరం తడుస్తుంటే తూర్పున ట్రింకోమలీ, అరుగం బే పొడిగా ఉంటాయి. కరీబియన్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అరుబా, బొనైర్, కురసావ్ బాగా దక్షిణాన ఉన్నాయి కాబట్టి తుఫాన్లు అటు రావడం అరుదు. అసలు రావని మాత్రం అనుకోకండి.

ఇంకోటి, కొన్ని దీవులను పూర్తిగా మూసేస్తారు. థాయిలాండ్ పడమర వైపు ఉన్న సిమిలన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా బంద్. టికెట్ కొనకముందే ఇది చూసుకోవాలి.

ఇప్పుడు పడవ. వాతావరణం యాప్‌లో వాన గుర్తు పక్కన పెట్టి అల ఎత్తు చూడండి. రెండు మీటర్లు దాటుతుందని చూపిస్తే చిన్న పడవలు, స్పీడ్‌బోట్లు ఆగిపోతాయనే లెక్కలో ఉండండి. పెద్ద ఫెర్రీ ఉంటే అదే తీసుకోండి. పొద్దున మొదటి ట్రిప్ మేలు. మధ్యాహ్నానికి సాధారణంగా గాలి పెరుగుతుంది, పైగా మొదటిది రద్దయినా ఆ రోజు ఇంకోటి ఉండే అవకాశం ఉంటుంది. కుదుపు ముందు భాగంలో ఎక్కువ కాబట్టి వెనక, మధ్యలో కూర్చోండి. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. రానూపోనూ టికెట్ ఒకేసారి కొనొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, విమానం ఎక్కడానికి రెండు రాత్రుల ముందే దీవి వదిలి ఒడ్డుకు వచ్చేయండి.

[బ్యాగు దగ్గరగా]

బ్యాగు 40 లీటర్లు చాలు. దీని మీది రెయిన్ కవర్‌ను మాత్రం పూర్తిగా నమ్మకండి. ఇదిగో, భుజం పట్టీల వైపు ఖాళీగా ఉంది కదా? నీళ్లు మీ వీపు మీదుగా ఇక్కడినుంచి దిగి, కవర్ అడుగున చేరతాయి. అప్పుడు కింద పెట్టిన బట్టలే ముందు తడుస్తాయి. అందుకే బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అన్నీ అందులో సర్దండి. చేత్తో నొక్కి గాలి తీసి, మూతి మెలిపెట్టి, కిందికి మడిచి రబ్బరు బ్యాండ్ వేయండి. పాస్‌పోర్ట్, ఫోన్, డబ్బు నీళ్లు చొరబడని చిన్న సంచిలో, అంటే డ్రై బ్యాగ్‌లో. దాన్ని నిండా కుక్కితే మూతి చుట్టడానికి చోటుండదు. ముప్పావు వంతు నింపి, కనీసం మూడు చుట్లు చుట్టి, క్లిప్ పెట్టండి. ఇప్పుడు గట్టిగా నొక్కి చూడండి. బుస్సుమని గాలి వచ్చిందంటే నీళ్లూ లోపలికి పోతాయి, మళ్లీ చుట్టాలి.

కాటన్ బట్టలు, జీన్స్ వద్దు. ఆ తేమలో రెండు రోజులైనా ఆరవు, వాసన కొడతాయి. పలచటి నైలాన్ లేదా పాలిస్టర్ మూడు జతలు తీసుకోండి. అందులో ఒక జత పడుకోవడానికే, పగలు ఎంత తడిసినా దాని జోలికి పోవద్దు. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీస్తే లెన్స్ మసకబారుతుంది. జిప్ కవర్‌లో ఉంచి బయట పెట్టి, వేడెక్కాకే తెరవండి.

గది మొదటి రాత్రికి మాత్రమే బుక్ చేయండి. మిగతావి కళ్లారా చూసి, మూడు నాలుగు రాత్రులుంటామని బేరమాడండి. దిండు వాసన చూడండి. బూజు వాసన వస్తే వేరే గది అడగండి. కరెంటు పోతే ఏటీఎం కూడా పనిచేయదు, కాబట్టి నగదు ఒడ్డునే తీసి పెట్టుకోండి.

ఈత విషయంలో ఒక్కటి. అలలు విరుగుతున్న చోట్ల మధ్యలో ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఒక చార కనిపిస్తుంది. అక్కడే దిగాలనిపిస్తుంది, కానీ సముద్రం లోపలికి లాగే ప్రవాహం అదే. చిక్కుకుంటే ఒడ్డు వైపు దానికి ఎదురీదొద్దు. అలసిపోతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. ఈ నెలల్లో చాలా బీచుల్లో లైఫ్‌గార్డులు ఉండరు. ఎర్ర జెండా కనిపిస్తే మోకాళ్ల లోతుకు కూడా దిగొద్దు.